ఎపాక్సీలో ఎలక్ట్రిక్ ఫీల్డ్‌తో పౌడరును వరస కట్టించడం: షాపుకు పనికొస్తుందా, ప్రాజెక్టు రిపోర్టుకేనా?

బ్రాడీపేట_కుర్రాడు: గుంటూరులో ఎంటెక్ చేస్తున్నాను. ఎపాక్సీలో (కలిపాక గట్టిపడే జిగురులాంటి రెసిన్) గ్రాఫైట్ పౌడరు కలిపి, గట్టిపడేలోపు ఏసీ ఫీల్డ్ (దిశ అటూ ఇటూ మారే ఎలక్ట్రిక్ ఫీల్డ్) పెడితే రేణువులు గొలుసుల్లా వరస కడతాయి. తక్కువ పౌడరుతోనే ఆ దిశలో కరెంటు, వేడి బాగా పారతాయి. ఇది ఫైబర్‌గ్లాస్ వస్తువులు పోసే మన బెజవాడ షాపులకు పనికొస్తుందా? మా గైడ్ గారు వస్తుందంటున్నారు. రూమ్మేట్ నవ్వుతున్నాడు.

ఆటోనగర్_మోల్డర్: నవ్వినోడికే బుర్ర ఉంది. ఎన్ని వోల్టులు పెడతావు తమ్ముడూ?

బ్రాడీపేట_కుర్రాడు: మిల్లీమీటరుకు కొన్ని వందలన్నా. మా ఎలక్ట్రోడ్ల మధ్య గ్యాప్ 1 మి.మీ.

ఆటోనగర్_మోల్డర్: నేను పోసే బంపరు 5 మి.మీ. అంటే రెండు మూడు వేల వోల్టులు, అదీ తడి రెసిన్ మీద. మేం వాడేది పాలియెస్టర్ రెసిన్, దాంట్లో స్టైరీన్ అనే మండే ద్రవం ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే దాని ఆవిరికి నిప్పురవ్వ చాలు. మే నెలలో మా రేకుల షెడ్డులో ఎంతుంటుందో నీకు చెప్పాలా?

కృష్ణలంక_శీను: దోమల బ్యాటులో కూడా అంతే వోల్టేజీ కదన్నా 😀

ల్యాబ్_మేడమ్: ఆ అబ్బాయి అడిగింది ఎపాక్సీ గురించి. అందులో స్టైరీన్ ఉండదు. విన్‌స్లో అనే అమెరికన్ 1940ల్లోనే నూనెలో పొడి కలిపి, ఫీల్డ్ పెడితే గొలుసులు కట్టి నూనె చిక్కబడుతుందని చూపించాడు. డీసీ పెడితే ఛార్జి ఉన్న రేణువులు ఒక ఎలక్ట్రోడ్ వైపు కొట్టుకుపోయి అక్కడే పేరుకుంటాయి, అందుకే ఏసీ. రేణువుల మధ్య ఆకర్షణ ఫీల్డ్ వర్గాన్ని (స్క్వేర్) బట్టి ఉంటుంది, కాబట్టి దిశ అటూ ఇటూ మారినా గొలుసు చెదరదు. గాజు పలక మీద రెండు రేకు ముక్కలు అంటించి మైక్రోస్కోపులో చూడండి, వెంట్రుకల్లాంటి పోగులు ఒక రేకు నుంచి రెండోదానికి పాకుతుంటాయి.

ఆటోనగర్_మోల్డర్: గాజు పలక మీద అన్నీ పాకుతాయి మేడమ్. మేం గ్లాస్ మ్యాట్ పరిచి రోలర్ తిప్పుతాం. ఆ మ్యాట్ గాజు పోగుల మధ్య ఇరుక్కున్న పౌడరు ఎటు కదులుతుంది? వోల్టుల సంగతికి కూడా జవాబు రాలేదు.

ల్యాబ్_మేడమ్: బంపరుకు ఇది అక్కర్లేదండీ! ఎల్‌ఈడీ కింద, బ్యాటరీ సెల్స్ మధ్య పెట్టే అర మిల్లీమీటరు పలచటి ప్యాడ్లకు పెట్టొచ్చు. వాటికి వేడి ఒక దిశలో పోతే చాలు.

బ్రాడీపేట_కుర్రాడు: మేడమ్, గొలుసులు కలవగానే మా సప్లై ట్రిప్ అవుతోంది.

ల్యాబ్_మేడమ్: గ్రాఫైట్ కదా, రెండు కొసలూ కలిస్తే షార్టే. ఎలక్ట్రోడ్ మీద పలచటి ఇన్సులేషన్ ఫిల్మ్ వేయండి.

ఆటోనగర్_మోల్డర్: ఆ ప్యాడ్లు ఇక్కడ ఎవరు పోస్తున్నారు? అన్నీ ప్యాకెట్లలో బయటినుంచి దిగేవే. మరి ఈ ప్రాజెక్టులకు మా షాపు పేరెందుకు? ఒక కాలేజీవాళ్లు వచ్చి నా లెటర్‌హెడ్ మీద ‘పరిశ్రమ భాగస్వామి’ అని రాయించుకున్నారు. రెసిన్ నాది, అచ్చు నాది. పలకలు పట్టుకెళ్లారు, ఒక్క రీడింగూ చెప్పలేదు. ఫోన్ చేస్తే ‘పేపరు రాస్తున్నాం’ అన్నారు.

ల్యాబ్_మేడమ్: ఎవరో చేసినదానికి నన్నంటారేంటి? పరిశ్రమ లేఖ లేకపోతే మా ఫైలు కదలదు. ఆ రూలు పెట్టింది మేం కాదు.

ఆటోనగర్_మోల్డర్: హమ్మయ్య, ఇప్పుడన్నారు. నాకు ఫీల్డ్‌తో తగువు లేదు, ఆ కాగితంతోనే.

కృష్ణలంక_శీను: పొద్దుటి నుంచి వోల్టులన్నారుగా అన్నా?

ఆటోనగర్_మోల్డర్: వోల్టులూ తగువే. తమ్ముడూ, నీకూ లేఖ కావాలా?

బ్రాడీపేట_కుర్రాడు: కావాలన్నా. గైడ్ గారు అడగమన్నారు.

ఆటోనగర్_మోల్డర్: ఇస్తా. గొలుసు వెంబడి కొలిచిందీ, అడ్డంగా కొలిచిందీ రెండూ నాకు పంపాలి. అడ్డంగా తగ్గితే తగ్గిందనే రాయాలి. మీ పేపరు కంటే ముందు.

ల్యాబ్_మేడమ్: ముందు ఎలా ఇస్తారండీ? డేటా బయటికెళ్తే పేపరు తీసుకోరేమో.

ఆటోనగర్_మోల్డర్: అయితే రెసిన్ కూడా మీరే కొనుక్కోండి.