ఎలుకలు ఎక్కడ్నుంచి దూరుతున్నాయో ఎలా కనిపెట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. రాత్రి లైట్లు ఆపగానే వంటగదిలో గరగరా చప్పుడు, పొద్దున చూస్తే సింక్ కింద పెంటికలు. బోనులో మూడు పడ్డాయి, అయినా మళ్ళీ వస్తున్నాయి. చిన్నపిల్లలున్న ఇల్లు, మందు పెట్టాలంటే భయం. ఎక్కడ వెతకాలండి?

జవాబు 1:
ముందు సింక్ పైపు గోడలోకి వెళ్ళే చోట టార్చ్ వేసి చూడండి, మాకు అక్కడే దొరికింది, పైపు చుట్టూ వేలు పట్టేంత సందు, అంచున నల్లటి జిడ్డు మరక, రోజూ ఒకే దారిలో ఒళ్ళు రాసుకుంటూ తిరుగుతాయి కదా ఆ జిడ్డే అది. చిన్న కన్నమే అని వదిలేయకండి, చుంచుకి 6 మిల్లీమీటర్లు, పెద్ద ఎలుకకి 12 మిల్లీమీటర్ల సందు చాలు. అనుమానం ఉన్నచోట రాత్రి పౌడర్ చల్లితే పొద్దున్నే అడుగులు కనిపిస్తాయి.

జవాబు 2:
కన్నం మూయడానికి స్ప్రే ఫోమ్ ఒక్కటే కొట్టకండి ప్లీజ్, కొరికేస్తాయి. స్టీలు పీచు గట్టిగా కూరి పైన సిమెంట్ పూయండి. పగలు గదిలో లైటు ఆపి తలుపు కింద చూడండి, వెలుతురు వస్తుంటే రేకు పట్టీ కొట్టించాలి. వెంటిలేటర్లకి ఇనుప జాలీనే, ప్లాస్టిక్‌ది వద్దు.

జవాబు 3:
పైవాళ్ళు చెప్పింది కరెక్టే కానీ అన్నీ మూసేశాక కూడా బోన్లు తీయకండి, లోపల ఇరుక్కుపోయినవి ఉంటాయి, అవి గోడలోనే చస్తే ఆ వాసన భరించలేం. పెంటికలు పొడిగా ఊడవొద్దు, రోగాలొస్తాయి. బ్లీచింగ్ నీళ్ళు చల్లి 5 నిమిషాలు నానాక గ్లౌజులు వేసుకుని తుడవండి.

ప్రశ్న అడిగినవారు:
సింక్ పైపు దగ్గరే ఉందండి, అదే జిడ్డు మరక! రేపే సిమెంట్ పని. చాలా థాంక్స్.