హెచ్ఏ టెస్టులో అన్నీ బటన్లే వస్తున్నాయి, తప్పెక్కడ?

ల్యాబ్_అమ్మాయి: ఫ్లూ వైరస్ ఎర్ర రక్తకణాలను అంటిస్తుందో లేదో చూసే హెచ్ఏ (హీమాగ్లూటినేషన్) టెస్టు ఇది. పొద్దున తొమ్మిదింటి నుంచి దీని మీదే ఉన్నానండీ, ఇది మూడో ప్లేటు. వైరస్‌ని రెండింతలు చొప్పున పల్చన చేస్తూ వేశాను, 0.5% రక్తకణాలు కలిపాను, అరగంట ఆగాను. రక్తం గడ్డకట్టనే లేదు. ప్లేటులోని పన్నెండు వెల్స్‌ (చిన్న గుంటలు) అన్నింట్లోనూ అడుగున ఎర్రటి బటనే, అంటే వైరస్ రక్తకణాలను అంటించలేదన్నట్టే. ప్లేటు వంచితే కన్నీటి చుక్కలా జారిపోతోంది. పీసీఆర్‌లో మాత్రం గట్టి పాజిటివ్. ట్రిప్సిన్ (ప్రొటీన్లను కోసే ఎంజైమ్) చాలక, వైరస్ పైనుండే హీమాగ్లూటినిన్ (హెచ్ఏ) ప్రొటీన్ తెగలేదేమో? రేపు గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

పాత_లెక్చరర్: అమ్మా, ముందు మాట సరిచేసుకోండి. రక్తం గడ్డకట్టడం ఫైబ్రిన్ అనే రక్తంలోని ప్రొటీన్ పని. ఇక్కడ వైరస్ రక్తకణాలను ఒకదానికొకటి అంటించి వల కడుతుంది. దీన్ని గుచ్ఛీకరణం అనాలి. 1941లో జార్జ్ హర్‌స్ట్ ఫ్లూ సోకిన కోడిపిండాల ద్రవం తీస్తుంటే, అందులో కలిసిన రక్తకణాలు ఇలాగే గుంపు కట్టాయి. హీమాగ్లూటినిన్‌కి ఆ పేరు అందుకే వచ్చింది.

బెంచ్_నంబర్4: ఎవరి రక్తం? ఏ సబ్‌టైప్?

ల్యాబ్_అమ్మాయి: కోడి రక్తమే, అందరూ వాడేదే కదండీ. మనిషి నుంచి తీసిన హెచ్3ఎన్2 రకం ఫ్లూ, ఎండీసీకే (కుక్క కిడ్నీ) కణాల్లో పెంచాం.

బెంచ్_నంబర్4: అదీ సంగతి. ఇప్పటి హెచ్3ఎన్2 కోడి కణాలను సరిగా పట్టుకోదు. గినీపిగ్ రక్తం తెప్పించండి.

పాత_లెక్చరర్: ట్రిప్సిన్ మాట వదిలేశారే?

వైరాలజీ_అన్న: అంటుకోవడానికి తెగాల్సిన పనే లేదు సార్. ఆ ప్రొటీన్ మూడు ఒకేలాంటి భాగాలు పెనవేసుకున్న మేకులా ఉంటుంది. కణం మీది సియాలిక్ ఆమ్లం అనే చక్కెరను పట్టే చిన్న గుంట పైన తలలో ఉంది, ట్రిప్సిన్ కోసే చోటు కింద కాడలో ఉంది. తెగని హెచ్ఏ0 తెగి హెచ్ఏ1, హెచ్ఏ2 అనే ముక్కలైతేనే, కణం లోపలి ఎండోసోమ్ సంచిలో పీహెచ్ 5 దగ్గరికి పడిపోయినప్పుడు వైరస్ పొర, కణం పొర కలుస్తాయి. తెగకపోయినా పట్టు పోదు. హెచ్3ఎన్2లో ఏళ్ల తరబడి మారుతూ వచ్చింది ఆ గుంటే.

కోళ్ల_డాక్టర్: ట్రిప్సిన్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. అది లేకపోతే కల్చర్‌లో వైరస్ వ్యాపించదు, టైటర్ (వైరస్ మోతాదు) పడిపోతుంది. మా కోళ్లను చంపే హెచ్5ఎన్1కి ఆ అవసరం లేదు, తెగే చోట క్షార అమైనో ఆమ్లాలు వరుసగా ఉంటాయి, కణాల్లో ఉండే ఫ్యూరిన్ ఎంజైమ్ కోసేస్తుంది. కోడి కణాలతో మాకు టెస్టు చక్కగా వస్తుంది.

బెంచ్_నంబర్4: ఆవిడది మనిషి ఫ్లూ.

వైరాలజీ_అన్న: గినీపిగ్ కణాలకు కేంద్రకం ఉండదు, నెమ్మదిగా దిగుతాయి. గంట ఆగండి. వి కాదు, యు అడుగున్న ప్లేటు తీసుకోండి. వైరస్ లేని వెల్‌లో బటన్ బదులు రింగు కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఇంకొకటి, కొన్ని కొత్త హెచ్3ఎన్2ల్లో న్యూరామినిడేజ్ అనే వైరస్ మీది ఇంకో ప్రొటీన్ కూడా కణాలను పట్టుకుంటుంది. అనుమానముంటే దాన్ని అడ్డుకునే మందు ఒసెల్టామివిర్ కార్బాక్సిలేట్ కలిపి మళ్లీ చూడండి.

పాత_లెక్చరర్: గుచ్ఛీకరణం అంటే తప్పేముంది? ఎవరూ జవాబివ్వలేదు.

బెంచ్_నంబర్4: ల్యాబ్‌లో అగ్లూటినేషన్ అనే అంటాం సార్.

ల్యాబ్_అమ్మాయి: యానిమల్ హౌస్‌లో అడిగాను, రేపు మధ్యాహ్నం రక్తం ఇస్తారట. థాంక్స్ అండీ.

కొత్త_సభ్యుడు: మాకు గినీపిగ్‌లు లేవు. టర్కీ కోడి రక్తం హైదరాబాద్‌లో ఎక్కడైనా దొరుకుతుందా?