తిరుపతిలో 70 మందికి డిన్నర్ హాలు దొరకడం లేదు

నవంబరు మూడో శనివారం సాయంత్రం 6:30 నుంచి 9:30 వరకు, మా అంతర్జాతీయ సదస్సుకు వచ్చేవాళ్లకు కూచిపూడి ప్రదర్శన, భోజనం ఏర్పాటు చేయాలి. మొత్తం 70 మంది, అందులో 18 మంది విదేశీయులు. మూడు హోటళ్లలో అడిగాం, కార్తీక మాసం పెళ్లిళ్లతో హాళ్లన్నీ నిండిపోయాయి. ఒకచోట మాట ఇచ్చి, అడ్వాన్సు కట్టేలోపే వేరేవాళ్లకు ఇచ్చేశారు. చంద్రగిరి వైపు ఆరుబయట పెడదామంటే ఆ నెలలో వానల టెన్షన్. తిరుచానూరు బ్రహ్మోత్సవాల రద్దీ కూడా ఆ రోజుల్లోనే ఉండొచ్చు, అందుకే అటు వద్దనుకున్నాం. వచ్చినవాళ్లకు మన రాగి సంగటి, పులిహోర వేడివేడిగా వడ్డించాలని నాకు చాలా ఆశ. బయటి వంటవాళ్లను రానిచ్చే, చిన్న స్టేజీ ఉన్న హాలు అలిపిరి నుంచి అరగంట దూరంలో ఎక్కడైనా మీకు తెలుసా?