చేతిగీత నుంచి త్రీడీ: ఏఐకి ఇస్తే చాలదా?

టేకుతలుపు (కడప):
మా నాయన వడ్రంగి. తలుపు పలకల మీదికి నెమళ్లు, తీగలు ముందు కాగితం మీద పెన్సిల్‌తో గీసుకుంటాడు. కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే సీఎన్‌సీ మిషన్‌కు ఇవ్వాలంటే వాటికి త్రీడీ మోడల్ కావాలి. త్రీడీ బొమ్మలు కట్టే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్క నెమలికే నాకు రెండు రోజులు పట్టింది. అదే గీతను ఫోటో తీసి ఏఐ సైటులో వేస్తే టీ తాగేలోపు వచ్చేసింది. ఇంక బ్లెండర్ ఎందుకు? కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఉలిదెబ్బ (ప్రొద్దుటూరు):
దాన్ని పక్కకు తిప్పి చూసినావా తమ్ముడూ? మెడ ఎంత ముందుకు రావాలో మీ నాయన తలలో ఉంటుంది, కాగితం మీద ఉండదు. ఒకే గీతకు సరిపోయే ఆకారాలు లెక్కలేనన్ని. ఏఐ తాను నేర్చుకున్న బొమ్మలను బట్టి అందులో ఒకటి ఊహిస్తుంది, అంతే. నేను సింహం ముఖం ఇట్లే చేయించినా. మూతి పలక మందం దాటిపోయింది. ఎత్తు తగ్గిస్తే ముఖమంతా అప్పడమైంది.

టేకుతలుపు:
తలుపు మీది చెక్కడానికి వెనకవైపు యాడుందన్నా? ఎత్తుపల్లాలు ఉంటే చాలు కదా.

గ్రాఫుకాగితం (అనంతపురం):
ఆ ఎత్తుపల్లాల దగ్గరే అసలు చిక్కు. గీతను నేరుగా ఎత్తుల పటంగా వాడితే తెల్లగా ఉన్నచోటు ఎత్తు, నల్లగా ఉన్నచోటు లోతు అవుతుంది. నా విద్యార్థి ఒకడు నెమలి కన్ను నల్లగా దిద్దినాడు, అక్కడ గుంట పడింది!

అయితే అంతా చేత్తోనే కట్టాలని కూడా నేను అనను. ఒకప్పుడు అట్లే కట్టేవాళ్లు. 1975లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు మార్టిన్ న్యూవెల్ ఇంట్లోని టీపాట్‌ను గ్రాఫు కాగితం మీద గీసి, ఆ గీతను బట్టి కంప్యూటర్‌లో చేత్తోనే మోడల్ కట్టాడు. దానికి మొదట అడుగుభాగమే లేదు. అవసరం పడలేదు మరి. తర్వాత 1999లో జపాన్ పరిశోధకుడు టకేఓ ఇగరాషి బృందం టెడ్డీ అని ఒక ప్రోగ్రాం చేసింది. చుట్టూ గీత గీస్తే చాలు, బొమ్మ బుడగలా ఉబ్బుతుంది. కానీ అక్కడితో ఆగదు. తిప్పుతావు, కోస్తావు, మళ్లీ గీస్తావు. ఒక్క ఫోటో ఇచ్చి చేతులు దులుపుకోవడంతోనే నాకు పేచీ.

రోజుకూలి (కడప):
సార్, చరిత్ర బాగుంది. కస్టమర్ రెండు రోజుల కూలి ఇస్తాడా? ఏఐ మోడల్ తీసుకుని తప్పులు దిద్దుకుంటే పూట పని. నేను అట్లే చేస్తున్నా.

ఉలిదెబ్బ:
దిద్దడానికైనా కొలత కావాల కదప్పా. ఎంతకు దిద్దుతావు?

టేకుతలుపు:
పక్క నుంచి కూడా ఒక బొమ్మ గీయమని నాయనను అడిగినా. "పక్క నుంచి ఎవడు గీస్తాడురా, చెక్కేటప్పుడు చేతికి తెలుస్తుంది" అన్నాడు. కాసేపాగి పాత గీత మీదే ఎక్కడ ఎంత ఎత్తు రావాలో అంకెలు వేసిచ్చినాడు. రెక్క దగ్గర మూడు నూళ్లు (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు), మెడ దగ్గర అయిదు. ఏఐ మోడల్‌ను ఈ రాత్రికి వాటి ప్రకారం సరిచేస్తా. కన్ను దగ్గర ఏమీ రాయలేదు. అడిగితే, అది ఉలితో తానే పెడతాడంట.