జపాన్ ప్రాచీన వాకా కవిత్వం మీద పీహెచ్‌డీ చేయాలనుంది, జపనీస్ భాషా పరీక్షలో ఎన్2 స్థాయి సరిపోతుందా?

నాకు 27 ఏళ్లు. ఢిల్లీలో జపనీస్ ఎం.ఏ. చివరి సంవత్సరం, ఎన్2 పాసయ్యాను. మా బ్యాచ్‌లో అందరూ ఐటీ కంపెనీల్లో అనువాదం ఉద్యోగాలు చూసుకుంటుంటే నేను కొకిన్‌షూ అనే పాత వాకాల సంకలనం పట్టుకుని కూర్చున్నా.

కారణం ఒనో నో కొమాచి అనే కవయిత్రి పద్యం ఒకటి. అందులో 'ఫురు' అంటే వాన కురవడం, ఏళ్లు గడిచిపోవడం కూడా. 'నాగమే' అంటే విడవని వాన, ఎటో చూస్తూ ఉండిపోవడం కూడా. 31 మాత్రల్లో ఇన్ని శ్లేషలు! తాతయ్య దగ్గర శ్లేష పద్యాలు విని పెరిగినవాణ్ణి, పడిపోయాను.

చిక్కేమిటంటే, క్లాసులో నేర్చుకున్న ఇప్పటి జపనీస్ ఈ పాత భాషకి సగమే పనికొస్తోంది. 'ను' అని కనిపిస్తే పని పూర్తయిందనా, అసలు జరగలేదనా అని పది నిమిషాలు తల గోక్కుంటాను. ఇక కుజుషిజి (పాతకాలపు గొలుసుకట్టు రాత) రాతప్రతులైతే నాకు డాక్టరు చీటీలే.

జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్‌కి ఎంబసీ ద్వారా వెళ్లడం మంచిదా, ముందు అక్కడి ప్రొఫెసర్‌ని ఒప్పించుకుని యూనివర్సిటీ ద్వారా వెళ్లడం మంచిదా? ముక్కూమొహం తెలియని ప్రొఫెసర్‌కి మొదటి మెయిల్‌లో ఏం రాయాలి? కుజుషిజి ఇక్కడే నేర్చుకుని వెళ్లాలా, కెన్‌క్యూసేయ్‌గా (డిగ్రీలో చేరేముందు పరిశోధక విద్యార్థిగా) ఉన్నప్పుడు నేర్పిస్తారా?

ఇంకోటి, ఇంట్లో రోజూ అడిగేది: పీహెచ్‌డీ అయ్యాక ఉద్యోగం ఎక్కడ? ఈ దారిలో వెళ్లినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, బాధపడను.