దుంపరాష్ట్రకాన్ని రాస్నా అనవచ్చా?

పెరటితోట: అమ్మ మోకాళ్ల నొప్పులకు మహారాస్నాది కషాయం ఇంట్లోనే కాచుకుందామని మూలికల కొట్లో అందులో వేసే రాస్నా అడిగాను. దుంపరాష్ట్రకం ముక్కలు ఇచ్చారు. ఆయుర్వేదం చదివే మా బంధువు చూసి ఇది రాస్నాయే కాదన్నాడు. ఎవరి మాట నమ్మాలి?

మూలికావిద్యార్థి: మీ బంధువు చెప్పింది సరైనదే అండీ. భారత ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల ప్రామాణిక గ్రంథం) ప్రకారం రాస్నా అంటే ప్లుకియా లాన్సియోలాటా ఆకు. రాజస్థాన్, గుజరాత్ ఇసుక నేలల్లో పెరిగే చిన్న పొద, చామంతి కుటుంబం. దుంపరాష్ట్రకం అల్లం కుటుంబంలోని అల్పీనియా గలంగా. దాన్ని ఆ ఫార్మకోపియాలో కులంజనం పేరుతో విడిగా ఇచ్చారు. ఒకటి ఆకు, ఇంకొకటి దుంప. రెండూ ఒకటెలా అవుతాయి?

గోదారిగట్టు: నేను ఒప్పుకోను. దుంపరాష్ట్రకం మొక్క ఏళ్లుగా మా పెరట్లో ఉంది. మనిషిని మించి పెరుగుతుంది. తెల్లటి పూరేకు మీద ఎర్రటి చారలుంటాయి, కాయ పండితే నారింజ ఎరుపు. ఎర్రమట్టి రంగు దుంప చుట్టూ ఉంగరాల్లా గీతలు. విరిస్తే అల్లం, కర్పూరం కలిసినట్టు ఘాటు వాసన. ఇక ఆకు అచ్చం ఏలకుల ఆకే! భావప్రకాశం అనే పాత ఆయుర్వేద గ్రంథంలో రాస్నాకు ఏలాపర్ణి (ఏలకుల ఆకు లాంటి ఆకున్నది), సుగంధ అనే పేర్లున్నాయి. ఇసుక నేలలోని ఆ పొదకు ఏలకుల ఆకు పోలిక ఎక్కడిది? కేరళలో కూడా రాస్నా అంటే ఈ జాతి దుంపలే వాడతారు.

మూలికావిద్యార్థి: ఏలాపర్ణి సంగతి బలమైన పాయింటే, కాదనను. కానీ అదే భావప్రకాశం కులంజనాన్ని వస రకాల్లో చేర్చి, దగ్గుకీ గొంతుకీ మంచిదంది. బెంగాల్‌లోనైతే చెట్ల మీద పెరిగే ఆర్కిడ్ వేర్లను రాస్నా అంటారు. ఎవరి ప్రాంతం పేరు వాళ్లదే అంటే రోగి గతేంటి?

గోదారిగట్టు: అందుకే దుంపను తీసిపారేయకండి అంటున్నాను. ఇందులోని అసిటాక్సీచావికాల్ అసిటేట్ అనే రసాయనానికి వాపు తగ్గించే గుణం ఉందని ప్రయోగశాలల్లో చూశారు కదా.

మూలికావిద్యార్థి: ప్రయోగశాలలో చూడటం వేరు, కషాయం తాగిన మోకాలికి తగ్గడం వేరు అండీ. ఏ మొక్క, ఏ భాగం వేశారో ప్యాకెట్ మీద రాస్తే సగం గొడవ తీరుతుంది.

పెరటితోట: ఇప్పుడే చూశాను, మా ప్యాకెట్ మీద ‘రాస్నా’ అన్న ఒక్క మాటే ఉంది. అమ్మ బీపీ మాత్రలు కూడా వాడుతోంది, అదే నా టెన్షన్. రేపు ఈ ముక్కలు, ఆ మాత్రలు రెండూ వైద్యుడికి చూపించి అడుగుతాను. అప్పటిదాకా కషాయం పెట్టను.