తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో పదో మనిషిని తీసుకుంటే నష్టమా?

ప్రశ్న:
తాడిపత్రిలో నాపరాళ్ళ పాలిష్ యూనిట్. ఇప్పుడు 9 మంది ఉన్నారు. ఇంకో రెండు కటింగ్ మిషన్లు పెడితే 14 మంది కావాలి. "పదికి చేరితే చట్టాలన్నీ మీద పడతాయి, కొత్తవాళ్ళను మేస్త్రీ కింద చూపించు" అంటున్నారు. చట్టాల వల్ల నిజంగా పని తగ్గుతుందా? ఉన్నవాళ్ళతోనే రోజూ రెండు గంటలు ఎక్కువ చేయించుకోవడం మేలా?

జవాబు 1:
అన్నా, ముందు లెక్క చూడండి. ఈఎస్ఐకి (కార్మికుల ఆరోగ్య బీమా) హద్దు 10 మంది, పీఎఫ్‌కు 20. కరెంటుతో నడిచే యూనిట్‌ను ఫ్యాక్టరీ అనడానికి 1948 చట్టంలో హద్దు 10. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో అది 20. అంటే 14 మందితో మీకు కొత్తగా తగిలేవి ఈఎస్ఐ, రిజిస్ట్రేషన్, నియామక పత్రాలు. జీతం 15,000 అయితే ఈఎస్ఐకి మీ వాటా 3.25 శాతం, మనిషికి రూ.487.50. పద్నాలుగు మందికి నెలకు రూ.6,825.

మేస్త్రీ దారి మాత్రం వద్దు. మీ షెడ్డులో మీ పని చేసేవాడు ఎవరి మనిషైనా ఈఎస్ఐ లెక్కలోకి వస్తాడు, మేస్త్రీ కట్టకపోతే బాకీ మీదే. ఈఎస్ఐ లేనిచోట బ్లేడు కింద వేలు పోతే పరిహారమంతా యజమానే ఇచ్చుకోవాలి.

జవాబు 2:
ఓవర్‌టైంకు కూలి రెట్టింపు. 8 గంటలకు 640 ఇస్తుంటే గంటకు 80, ఓవర్‌టైంలో 160. ఆ గంటలో దిగే సరుకు మాత్రం రెట్టింపు కాదు. అలసిన చేతులు బండను టేబుల్‌కు సరిగ్గా ఆనించవు, మూల లేస్తుంది. రెండడుగుల బండ మళ్ళీ కోస్తే ఒకటిన్నర అడుగుకు పడిపోతుంది. 15 రోజులు గంటగంటకూ దిగిన చదరపు అడుగులు, మూల పోయిన బండలు విడివిడిగా రాయించండి. చివరి రెండు గంటల వరుస చూస్తే మీకే తెలుస్తుంది. ఏప్రిల్, మేలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం పని చేయించకండి, ఉదయం 6కే మొదలుపెట్టండి.

జవాబు 3:
చట్టం ఉత్పాదకతను తగ్గిస్తుందనే వాదన ఎక్కువగా పెద్ద ఫ్యాక్టరీల గురించి. మనుషులను తీసేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్న హద్దు పారిశ్రామిక వివాదాల చట్టం 1982 సవరణలో 100 మంది, ఇప్పటి కోడ్‌లో 300. ఆర్థికవేత్తలు బెస్లీ, బర్జెస్ 2004లో, ఆ చట్టానికి 1958–92 మధ్య రాష్ట్రాలు చేసుకున్న సవరణలను పోల్చి, కార్మికుల వైపు మొగ్గిన చోట ఉత్పత్తి తగ్గిందన్నారు. ఆంధ్రప్రదేశ్‌ను యజమానుల వైపు మొగ్గిన రాష్ట్రాల్లో చేర్చారు. ఏ సవరణ ఎటు మొగ్గిందో తేల్చిన తీరు మీద గట్టి విమర్శలున్నాయి. పద్నాలుగు మంది యూనిట్‌కు ఆ గొడవ అంటదు. మిషన్ చేతికొచ్చిన మనిషి నిలవకపోవడమే మీకు అసలు నష్టం.

ప్రశ్న అడిగినవారు:
సరే సార్, అందరినీ నేరుగానే తీసుకుంటాను. ఈఎస్ఐకి గడువెంత?

జవాబు 1:
పదో మనిషి చేరినప్పటి నుంచి 15 రోజులు. ఆలోపు పోర్టల్‌లో నమోదు చేయండి.